ఆకుపచ్చ గీత దగ్గర ఆగమ్మ

మనిషి కనిపెట్టిన గొప్ప విషయాలు రెండు. ఒకటి చక్రం, రెండోది ఒక్క పేజీ నియమం. చక్రం వల్ల రోగులు ఆసుపత్రికి త్వరగా చేరుతున్నారు. చేరినవాళ్ళ సంగతి ఒక్క పేజీ నియమం చూసుకుంటుంది.

మా ఊరి పెద్దాసుపత్రిలో ఈ నియమం పుట్టి ఇరవై రెండేళ్ళయింది. రోగి ఫైలు నలభై పేజీలున్నా, నాలుగువందల పేజీలున్నా, మంజూరు కమిటీ ముందుకు వెళ్ళేసరికి ఒక్క పేజీ అయిపోవాలి. కమిటీలో తొమ్మిదిమంది పెద్దలు. ఖరీదైన మందు ఏది ఎవరికి ఇవ్వాలన్నా వాళ్ళే గురువారం కూర్చుని తేలుస్తారు. (మొదట్లో రెండు పేజీలు చదివేవారట. రెండో పేజీ చివరికి వచ్చేసరికి మొదటి పేజీలో ఎవరి గురించి ఉందో మరిచిపోయేవారట.)

అసలు ఫైలు ఇనప బీరువాల గది దాటి బయటికి రాదు. దానికి రంగుల జిరాక్సు తీసి పద్నాలుగో గదికి పంపిస్తారు. ఆ గది పేరు సంక్షిప్త విభాగం. అక్కడ ఎదురెదురు బల్లల దగ్గర కత్తెరాయన, జిగురాయన కూర్చుంటారు. కమిటీకి అక్కర్లేని భాగం ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ముగుస్తుందో డాక్టర్లు ఫైలులోనే ఆకుపచ్చ గీతలు పెట్టి ఉంచుతారు. కత్తెరాయన ఒక గీత నుంచి ఇంకో గీత దాకా కోసి చెత్తబుట్టలో వేస్తాడు. మిగిలిన ముక్కల్ని జిగురాయన వరసగా అతికిస్తాడు. అతికించినదాన్ని చిన్నది చేసి కొత్త పేజీగా తీస్తే కమిటీకి వెళ్ళే కబురు తయారైనట్టే. ఇద్దరికీ చదివే అధికారం లేదు. చదివితే అభిప్రాయం కలుగుతుంది, అభిప్రాయం కలిగినవాళ్ళకి వేరే జీతభత్యాల శ్రేణి ఉంది.

చిక్కల్లా ఏమిటంటే, ఆసుపత్రిలో ఆకుపచ్చకి కరువు లేదు. ఆపరేషను గది గుడ్డల రంగు దిగుతుంది. మందు సీసా ఒలుకుతుంది. పెన్ను రాస్తోందో లేదో చూసుకోవడానికి ఎవరో ఒకరు పక్కనున్న ఫైలు మీదే గీస్తారు. కత్తెరకి ఇవన్నీ గీతలే.

అందుకని ఆ గదిలో మూడో కుర్చీ ఒకటి ఉండేది. అందులో ఒకావిడ కూర్చునేది. కాగితాల మీద ఆవిడ హోదా ముందస్తు పరిశీలకురాలు. కత్తెర తప్పుడు గీత మీద వాలగానే, ఆడా మగా చూడకుండా ఎవర్నైనా పిలిచినట్టే, "ఆగమ్మా" అని కాగితాన్ని కత్తెర కిందనుంచి లాగేసేది. ఆ గీత మీద తెల్ల కాగితం ముక్క అంటించి, "ఆ, ఇప్పుడు మళ్ళీ మొదట్నించి చూడు" అని ఇచ్చేది. ఆసుపత్రి మొత్తానికి ఆవిడ పేరు ఆగమ్మే అయిపోయింది.

సామర్థ్య అధికారి వచ్చేదాకా అంతా ఇలాగే సాగింది.

ఆయన స్టాపువాచీ పట్టుకుని మూడు రోజులు ఆ గదిలో కూర్చున్నాడు. తర్వాత నివేదిక ఇచ్చాడు. కత్తెరాయన, కోతలు నాలుగువందల పన్నెండు. జిగురాయన, అతుకులు అన్నే. మూడో కుర్చీలో ఉన్న ఉద్యోగిని, కోతలు లేవు, అతుకులు లేవు, జరుగుతున్న పనిని ఆపించిన సందర్భాలు ముప్పై ఏడు. ఆమె లేనట్లయితే పని ముప్పై ఏడు సార్లు ఆగకుండా ఉండేదని ఆయన లెక్క తేల్చాడు. కింద ఇంకో వాక్యం రాశాడు. ఆ వాక్యాన్ని ఇప్పుడు శిక్షణ తరగతుల్లో చదివి వినిపిస్తున్నారు. "గత పదకొండు సంవత్సరాలలో ఈ గది నుండి ఒక్క తప్పు పేజీ కూడా బయటకు రాలేదు. కావున తప్పులను ఆపుటకు ప్రత్యేకంగా ఒక మనిషి అవసరమున్నట్లు ఎటువంటి ఆధారమూ లేదు."

ఆగమ్మని సింహద్వారం దగ్గర గొడుగుల స్టాండుకి మార్చారు. అప్పుడు ఎండాకాలం.

సరిగ్గా ఆ వారమే మా ఆడపడుచు ఫైలు పద్నాలుగో గదికి బయల్దేరింది.

మా వదిన ముప్పై ఏళ్ళుగా బడిపిల్లలకి యూనిఫారాలు కుడుతోంది. ఊళ్ళో సగం మంది మోకాళ్ళ కొలతలు ఆవిడకి నోటికి వచ్చు. ఆర్నెల్లుగా నీరసం. నాలుగు మెట్లు ఎక్కితే మధ్యలో కూర్చునేది. కూర్చున్నది ఒప్పుకోకుండా, "గోడ సున్నం ఎలా ఉందో చూస్తున్నానే" అనేది. రక్తం పట్టడంలేదన్నారు. రెండు వారాలకోసారి రోజంతా మంచం మీద పడుకోబెట్టి రక్తం ఎక్కించడం మొదలుపెట్టారు. ఎముక మూలుగ పరీక్ష అయ్యాక రక్త జబ్బుల డాక్టరమ్మ మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి వివరంగా చెప్పింది.

"మీ ఒంట్లో ప్రతి కణంలోనూ ఒక అసలు ఫైలు ఉంటుందమ్మా. దాన్ని బయటికి పంపరు, నకలు తీస్తారు. ఆ నకల్లో అక్కర్లేని భాగాలు చాలా ఉంటాయి. వాటిని కోసేసి మిగతావి అతికిస్తేనే సరైన కబురు తయారవుతుంది. కణం ఆ కబురు చూసుకునే పని చేస్తుంది."

"పద్నాలుగో గదిలాగన్నమాట," అంది వదిన.

డాక్టరమ్మ కాస్త ఆలోచించింది. "అంతకంటే కొంచెం జాగ్రత్తగా."

"మరి ఎక్కడ కొయ్యాలో దానికెలా తెలుస్తుంది?"

"గుర్తులుంటాయి. కానీ చూడ్డానికి అచ్చం అలాగే ఉండి, కొయ్యకూడని చోట్లు ఇంకా ఎన్నో ఉంటాయి."

"చెరపని చాక్‌పీసు గీతలు," అంది వదిన నాకేసి తిరిగి. "ముందొక గీత గీసి, కొలత మార్చి ఇంకో గీత గీసి, మొదటిది దులపకుండా వదిలేస్తావు చూడు. అది."

"నేనెప్పుడు గీశాను వదినా?"

"నీ గురించి కాదులే. మాటవరసకి."

డాక్టరమ్మ ఓపికగా ఆగి, మళ్ళీ అందుకుంది. "కోసే బృందం ఒక్కోసారి తప్పు గుర్తు దగ్గర కూర్చుంటుంది. కత్తెర ఆడకముందే వాళ్ళని అక్కణ్ణించి లేపేసే ప్రొటీన్లు ఉంటాయి. ఇక్కడ కాదు, లేవండి, మళ్ళీ మొదలుపెట్టండి అన్నట్టు. మీ మూలుగలో కొన్ని కణాల్లో ఆ కోసే బృందంలో ఒకడు కాస్త మారిపోయాడు. లేపేవాళ్ళకి వాడి మీద పట్టు దొరకడంలేదు. దాంతో తప్పు చోట కోతలు పడుతున్నాయి. రక్తకణాలు సగంలో పాడైపోతున్నాయి. ముదిరితే పెద్ద క్యాన్సర్‌లోకి దిగే వీలుంది. అంతదాకా రానివ్వకూడదు."

వదిన తలూపి, "మా ఆయనా అంతే. కూర్చున్నచోటునుంచి లేపుదామంటే పట్టు దొరకదు," అంది.

మందు ఉంది. మూడు వారాలకోసారి ఇంజెక్షను. అది పనిచేస్తే రక్తం ఎక్కించే పని తగ్గుతుంది, బడులు తెరిచేలోపు వదిన మళ్ళీ మిషను తొక్కుతుంది. కమిటీ మంజూరు చెయ్యడమే తరువాయి. డాక్టరమ్మ అరవై పేజీల ఫైలు తయారుచేసి, కొయ్యవలసినచోట ఆకుపచ్చ పెన్సిలుతో చక్కగా గీతలు పెట్టింది. పాత రక్తపరీక్షల రిపోర్టులు, ఊళ్ళో డాక్టరు రాసిన కాగితాలు వదిన ఇంటినుంచి తెచ్చి ఇచ్చింది. ఎప్పుడూ తెచ్చుకునే గుడ్డసంచిలోనే తెచ్చింది. ఆ సంచిలో టేపు, కత్తెర, అరిగిపోయిన చాక్‌పీసు బిళ్ళలు కూడా ఉంటాయి.

తెల్ల యూనిఫారాల మీద తెల్ల చాక్‌పీసు కనపడదు. వదిన వాడేది ఆకుపచ్చది.

గురువారం కమిటీ ముందుకు వెళ్ళిన పేజీ ఇది. "రోగి వయస్సు యాభై ఆరు. వృత్తి కుట్టుపని. పనిలో కుడిచేతి చూపుడు వేలికి సూది గుచ్చుకుంటూ ఉంటుందని చెప్పారు. మూడు వారాలకు ఒకసారి. ఇట్టి పరిస్థితిలో ఆలస్యము ప్రాణాపాయము. తగిన సహాయం వెంటనే మంజూరు చేయవలసినదిగా ప్రార్థన."

కమిటీ చలించిపోయింది. రోగికి ఒక లోహపు వేలి తొడుగు మంజూరు చేస్తూ ఏకగ్రీవంగా తీర్మానించింది. (ఒక సభ్యుడు రెండు చేతులకీ ఇవ్వాలని పట్టుబట్టాడు. ఆయన మానవతా దృక్పథాన్ని తీర్మానంలో ప్రత్యేకంగా నమోదు చేశారు.)

"సైజు కూడా సరిపోయిందే," అంది వదిన, దాన్ని వేలికి పెట్టుకుని తిప్పి చూసుకుంటూ. "ముప్పై ఏళ్ళలో నా వేలి గురించి ఇంతమంది కూర్చుని ఆలోచించడం ఇదే."

"నవ్వులాటగా ఉందా నీకు?" అన్నాడు అన్నయ్య, అంటే వదిన భర్త. ఆయన కూర్చున్నచోటునుంచి లేచి నిలబడ్డాడు కాబట్టి విషయం చిన్నది కాదని అందరికీ అర్థమైంది. "వెళ్ళి అడుగుదాం. తప్పు రాశారని చెబుదాం."

అడగడానికి పద్ధతి ఉంది. పునఃపరిశీలన విన్నపం పెట్టుకోవాలి. విన్నపం కమిటీకి ఒక్క పేజీగా వెళ్ళాలి. ఒక్క పేజీగా మారడానికి పద్నాలుగో గదికి వెళ్ళాలి. వదిన మూడు పేజీలు స్వయంగా రాసింది. రాసేటప్పుడు చేతులు కడుక్కోలేదు. కమిటీకి చేరేసరికి అది వేలి తొడుగు అందినందుకు రోగి సంతోషం తెలుపుతూ రాసిన ఉత్తరం అయింది. కమిటీ దాన్ని చట్రం కట్టించి గోడకి తగిలించింది.

మిగతా రోగులకీ ఇలాంటి మేలే జరుగుతోంది. కాలు విరిగిన ఒకాయనకి రోజూ నాలుగు మైళ్ళు నడవమని సలహా వచ్చింది. డెబ్బై ఏళ్ళ పెద్దాయనకి సుఖప్రసవం అయినందుకు అభినందనలు, బిడ్డకి టీకాల పట్టిక అందాయి. ఆయన కొన్నాళ్ళు ఆ పట్టిక చూసుకుంటూ గడిపాడు. తప్పులు పెరిగాయని డాక్టర్లు కలిసి ఒక ఫిర్యాదు రాశారు. పద్నాలుగు పేజీలు వచ్చింది. ఏం జరిగిందో మీకు తెలుసు.

సింహద్వారం దగ్గర మెట్లున్నాయి. రక్తం ఎక్కించుకోవడానికి వచ్చిన రోజున వదిన ఆ మెట్లెక్కి, అక్కడున్న బల్ల మీద గోడ సున్నం చూడ్డానికి కూర్చుంది. పక్కనే గొడుగుల స్టాండు. ఖాళీ స్టాండు వెనకాల ఆగమ్మ. వదిన ఏ విషయమైనా ఎవరికైనా మొత్తం చెప్పేస్తుంది కాబట్టి ఆవిడకీ చెప్పింది.

"ఆకుపచ్చ చాక్‌పీసా?" అంది ఆగమ్మ. "అది పొడి పొడిగా రాలుతుంది. నేనుంటే ఆ మరకల మీద ముక్కలు అంటించేదాన్ని."

"ఉండి చావచ్చుగా అక్కా మరి."

"ఉండనిస్తేగా. ఆ గది గుమ్మం తొక్కకూడదని రాసిచ్చారు. నా పని ఇక్కడ. తడిగొడుగు వస్తే తీసుకోవాలి, బిళ్ళ ఇవ్వాలి, ఆరాక తిరిగివ్వాలి."

"వాన ఎక్కడుంది?"

"రాలేదింకా."

గోడ మీద స్టాండు నిబంధనల బోర్డుంది. చేసే పనేమీ లేక వదిన దాన్ని పైనుంచి కిందకి చదివింది. ఆరో నిబంధన దగ్గర ఆగి, బయటికే చదివింది. "గొడుగులతో సహా తడిసిన ఏ వస్తువునూ ఏ గదిలోనికీ అనుమతించరాదు. అట్టి వస్తువును ఆరునంతవరకూ స్టాండు వద్దనే ఉంచవలెను. ఆరినదీ లేనిదీ నిర్ణయించు అధికారం స్టాండు నిర్వాహకులదే."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏ వస్తువునూ అనుందక్కా," అంది వదిన.

"నేనూ అదే చూస్తున్నా," అంది ఆగమ్మ.

వదిన ఈ సంగతి చెప్పగానే, ఆ మధ్యాహ్నం డాక్టరమ్మ ఆవిడ ఫైలు మళ్ళీ తయారుచేసి, జిరాక్సు తీయించి, గ్లాసులో రెండు వేళ్ళు ముంచి ఒక మూల మీద చిలకరించింది. బీరువాల గది నుంచి పద్నాలుగో గదికి దారి సింహద్వారం ముందునుంచే. ఫైలు తీసుకెళ్తున్న అటెండరు నిబంధనలు తెలిసిన మనిషి. తడి కనపడగానే స్టాండు దగ్గర ఇచ్చి, బిళ్ళ పుచ్చుకున్నాడు. ఆగమ్మ దాన్ని పేజీ పేజీ విప్పి ఆరబెట్టింది. ఆరబెడుతూ పదకొండు చోట్ల తెల్ల కాగితం ముక్కలు అంటించింది. గంట తర్వాత ఫైలు ఆరినట్టు నిర్ణయించి పంపించింది. కత్తెరాయన కొయ్యవలసినచోటే కోశాడు. జిగురాయన అతికించాడు.

గురువారం కమిటీ ఇంజెక్షను మంజూరు చేసింది. ఆర్నెల్లకి. ఆ తర్వాత మళ్ళీ ఫైలు పెట్టుకోవాలి.

తడి సంగతి డాక్టర్లందరికీ పాకింది. వారం తిరిగేసరికి ప్రతి బల్ల మీదా ఒక గ్లాసు నీళ్ళు వచ్చాయి. నెల తిరిగేసరికి ఎంత తడిపితే తడిసినట్టు అన్న విషయం మీద ఒక సర్క్యులర్ వచ్చింది. (కుడివైపు పైమూల, అంగుళానికి తగ్గకుండా, మంచినీళ్ళు మాత్రమే.) టైపిస్టులకి కూడా అలవాటైపోయి, సెలవుచీటీల్ని సైతం తడిపే పంపించేవారు. స్టాండుకి ఈ కొస నుంచి ఆ కొసకి ఆగమ్మ తాడు కట్టింది. దానికి క్లిప్పులు వేలాడేవి. దూరం నుంచి చూస్తే బట్టలు ఆరేసిన పెరడులా ఉండేది ఆ చోటు.

వదినకి మూడో ఇంజెక్షను తర్వాత రక్తం నిలబడ్డం మొదలైంది. ఐదో ఇంజెక్షనుకి గోడ సున్నం చూడ్డం మానేసింది. ఏడోదానికి మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కేసి, పైనుంచి నన్ను చూసి, "ఏమే, నడుస్తున్నావా, పాకుతున్నావా? ఒకసారి నువ్వు కూడా చూపించుకో," అంది. ఆవిడ ఆరోగ్యం కుదుటపడిందని నాకు అప్పుడు నమ్మకం కుదిరింది.

ఆర్నెల్లు గడిచాక సామర్థ్య అధికారి ఫలితాలు చూసుకోవడానికి మళ్ళీ వచ్చాడు.

పద్నాలుగో గది లెక్కలు ఆయనకి అమితానందం కలిగించాయి. మొదటి రెండు నెలలు కొన్ని తప్పులు జరిగినా, ఆ తర్వాత ఒక్క తప్పు పేజీ లేదు. మూడో కుర్చీ లేకుండానే. (మార్పుకి అలవాటుపడటానికి ఆ మాత్రం సమయం పడుతుందని ఆయన రాశాడు.) తర్వాత సింహద్వారం దగ్గరికి వచ్చి ఒక రోజు కూర్చున్నాడు. తీసుకున్న గొడుగులు, నాలుగు. అందులో ఒకటి ఆయనదే. తడిసిన ఫైళ్ళు, నూట అరవై. ఆసుపత్రిలో ఇంకే విభాగంలోనూ ఇన్ని తడిసిన ఫైళ్ళు ఒక్కచోట దొరకలేదు. కావున ఫైళ్ళు తడవడానికి కారణం గొడుగుల స్టాండేనని ఆయన నిర్ధారించాడు.

స్టాండు ఎత్తేస్తూ ఉత్తర్వు తయారైంది. మూడు పేజీలు. ఉత్తర్వైనా సరే, పద్నాలుగో గదిలో ఒక్క పేజీ అయ్యాకే అమలవుతుంది. సంతకానికి ముందు అధికారి తన ఆకుపచ్చ ఇంకు పెన్ను రాస్తోందో లేదో చూసుకున్నాడు. అలవాటు కొద్దీ టైపిస్టు కుడివైపు పైమూల తడిపింది. అటెండరు తెచ్చి స్టాండు దగ్గర ఇచ్చి బిళ్ళ పుచ్చుకున్నాడు.

మేము అక్కడే ఉన్నాం. ఆ రోజు వదినకి ఆఖరి ఇంజెక్షను. రెండో విడత మంజూరుకి ఫైలు మర్నాడు బయల్దేరాలి.

ఆగమ్మ ఉత్తర్వుని తాడుకి తగిలించి చదివింది. వదిన ఆవిడ భుజం మీదుగా చదివింది. మొదటి పేజీలో, "గొడుగుల స్టాండు నిర్వాహకురాలిని" అన్న మాట అయిన వెంటనే ఒక ఆకుపచ్చ గీత. మూడో పేజీలో, కత్తెరాయనకి తోడుగా ఇంకొకర్ని తీసుకోవడం గురించి రాసినచోట, "పద్నాలుగవ గదిలో శాశ్వతంగా నియమించడమైనది" అన్నదానికి ముందు ఇంకో ఆకుపచ్చ గీత. రెండూ అధికారి పెన్ను చూసుకున్న గీతలే. మధ్యలో ఉన్నదంతా స్టాండు ఎత్తివేత.

వదిన రెండు గీతల్నీ వేలితో చూపించింది. "అక్కా. ఇవి నేను గియ్యలేదు. నువ్వు గియ్యలేదు."

"ఊ."

"ఏం చెయ్యకు. అలా ఆరనియ్యి, అలా పంపించు. కత్తెరాయన కోస్తాడు. రేపు పొద్దున్నుంచి నీ కుర్చీ నీకొస్తుంది. నా ఫైలుకీ దిగుల్లేదు."

"తప్పు కోత కదమ్మా అది."

"తప్పు కోతే. వచ్చే మాట ఒప్పే కదా. ఆ మహానుభావుడు మెలకువగా ఉండి రాయలేకపోయింది, పెన్ను రాసింది."

ఆగమ్మ నవ్వింది. నవ్వుతూనే జేబులోంచి తెల్ల కాగితం ముక్కలు తీసింది. "ఇవాళ నాకు పనికొచ్చిందని ఒక తప్పు గీతని వదిలాననుకో. రేపు ఎవరి ఫైల్లోనో ఇంకోటి కనిపిస్తే, ఇది ఎవరికి పనికొస్తుందా అని ముందు ఆలోచిస్తాను. అప్పుడు నేనూ చదివి అభిప్రాయం పెట్టుకునే మనిషినే అవుతాను. గీత తప్పయితే తప్పే, అంతే."

"నీకు పుణ్యం ఉంటుంది, ఒక్కటి వదిలెయ్యి. ఈ ఒక్కటి," అంది వదిన. అప్పటిదాకా ఆవిడ ఎవర్నీ ఏదీ అలా అడగడం నేను వినలేదు.

"ఆగమ్మా," అంది ఆగమ్మ మెల్లగా. మొదటి గీత మీద ఒక ముక్క, రెండో గీత మీద ఒక ముక్క అంటించి, చివర్లు గోటితో నొక్కింది. మూల ఆరిందో లేదో ముట్టుకుని చూసింది. అటెండర్ని పిలిచి ఇచ్చి, బిళ్ళ వెనక్కి తీసుకుంది.

సాయంత్రం నాలుగింటికి ఉత్తర్వు ఒక్క అక్షరం అటూ ఇటూ కాకుండా ఒక్క పేజీగా బయటికి వచ్చింది, తక్షణం అమల్లోకి వచ్చింది.

వదిన ఫైలు మర్నాడు పొద్దున తొమ్మిదింటికి పద్నాలుగో గదికి ఎక్కడా ఆగకుండా, పొడిగా వెళ్ళింది.